గొంతు ముందు, మనిషి వెనక

నిన్న ఉదయం ఆయన గొంతు మా వీధిలోంచి వెళ్లింది. పంచాయతీ ఆఫీసు దగ్గర ఈ ఆదివారం ఉచిత కంటి శిబిరం ఉందని, పెద్దవాళ్లు ఆధార్ కార్డు తెచ్చుకోవాలని చెబుతూ, మలుపు దగ్గర ఎప్పటిలాగే కాస్త సాగి, రైసుమిల్లు గోడకు తగిలి తిరిగొచ్చి, మైపాడు రోడ్డు వైపు సన్నగా మాయమైంది. ఆయన్ను మట్టిలో పెట్టి ఒక వానకాలం గడిచింది.

నాన్న టీవీ శబ్దం తగ్గించి చివరిదాకా విన్నాడు. "ఎన్ని చెప్పు, అన్న గొంతు అన్న గొంతే. గంట కొట్టినట్టుండాది ఇప్పటికీ" అన్నాడు. ఆ మాటలో ప్రేమ ఉందని ఒప్పుకుంటాను. నా అభ్యంతరం ఆ ప్రేమ మీదే.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఊరు ఆయన్ను మైకు సాయిబు అనేది. నాన్నకు అన్న, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మైకు మామ. మా నాన్నకు షామియానాలు, మైకుసెట్లు అద్దెకిచ్చే దుకాణం ఉంది. దుకాణానికి ఒక పాత తెల్ల కారు, దాని పైకప్పు మీద ముందుకొకటి, వెనక్కొకటి లౌడ్‌స్పీకర్లు. కరెంటు కోత, కాలువ నీళ్లు, పోలియో చుక్కలు, తప్పిపోయిన గేదె, చావు, తుపాను: చుట్టుపక్కల ఊళ్లకు తెలియాల్సిందేదైనా ఆ కారు ముందు సీట్లో ఎడమవైపు కూర్చున్న మామ నోటి గుండానే తెలిసేది.

ఆయన వినయస్థుడు కాడు. పోయినవాళ్లందరికీ వినయం అంటగట్టడం మన అలవాటు గనుక ముందే చెబుతున్నాను. మైకుకు తన జేబురుమాలు చుట్టి, మరొకరిని తాకనిచ్చేవాడు కాదు. నాలుక కింద కళ్లుప్పు పలుకు పెట్టుకుంటే తప్ప నోరు విప్పేవాడు కాదు. తల నెరిసి ముగ్గుబుట్టయినా పట్టించుకోక, మీసానికి మాత్రం వారం తప్పకుండా రంగు వేసేవాడు. ఎందుకని అడిగితే, గొంతుకు దగ్గరగా ఉండేది మీసమే గదా అనేవాడు. పక్క మండలంలో ప్రకటనలు చెప్పే మనిషి మాట వస్తే మొహం అదోలా పెట్టి, "వాడా? వాడు చెప్తే చావు గూడా పెళ్లి మాదిరుంటాది" అనేవాడు.

కానీ ఆ గర్వానికి ఆధారం ఉంది. చేతిలో కాగితం ఒకటే అయినా ఆయన ఏ రెండు వీధుల్లోనూ ఒకే ప్రకటన చెప్పలేదు. కరెంటు పోతుందన్న కబురు రైతుల వీధిలో మోటార్ల కబురయ్యేది, జాలర్లుండే పట్టపాళెంలో ఐసుపెట్టెల కబురయ్యేది. మసీదు సందులో నమాజు వేళ మైకు కట్టేసేవాడు; పాళెం చివర కూడా కట్టేసి, కారు దిగి, వలలు బాగుచేసుకునే వాళ్ల దగ్గర నిలబడి గాలి ఎటు తిరిగిందో అడిగి, తను విన్నది చెప్పి వచ్చేవాడు. అన్నిటికీ మించి ఒక ఆచారం పాటించేవాడు. చావు ప్రకటన చెబుతూ పోయేటప్పుడు, పోయిన మనిషి ఇల్లు రాబోయే ముందే మాట ఆపేసేవాడు. కారు ఆ గుమ్మం ముందు నిశ్శబ్దంగా, గుండె మీద చెయ్యి పెట్టుకున్న ఆయనతో సహా, మెల్లగా దాటేది. "ఆ ఇంటికి తెలుసుగదా పాపా. తెలిసినోళ్లకి మళ్లా ఎందుకు చెప్పేది" అన్నాడొకసారి.

నేను నెల్లూరులో డిగ్రీలో చేరి డిబేట్ జట్టులోకి వెళ్లాక, దుకాణం వెనక షెడ్డులో ఆయన ఎదుట ఒకరోజు మాట్లాడి చూపించాను. కళ్లు మూసుకుని అంతా విన్నాడు. "బాగా కొట్లాడినావు పాపా. ఎవురితో?" అన్నాడు. అనుకూలమా, ప్రతికూలమా అన్నది చీటీ తీసి నిర్ణయిస్తారని చెప్పినప్పుడు మాత్రం ఆయన నిజంగా కలవరపడ్డాడు. అబద్ధమని తెలిసినా మాట్లాడతారా అని అడిగాడు. ఎదుటివాడి పక్షం ఎరగనివాడికి తన పక్షమూ తెలియదని మా లెక్చరరు చెప్పిన వాక్యం అప్పజెప్పాను. తనకూ కాగితంలో రాసిందే చేతికిస్తారని, అయితే తాను చదివి, నమ్మి, ఆ తరువాతే నోట్లో పెట్టుకుంటానని అన్నాడు. ఆ రోజు ఆ వాదనలో నేనే గెలిచానని అనుకున్నాను.

ఇక కారు సంగతి. ఆ కారులో కంపెనీవాళ్లు బిగించి ఇచ్చిన స్టీరియో ఉంది. క్యాసెట్టు, రేడియో తప్ప దానికి మూడో సంగతి తెలియదు. ప్రకటనల మధ్య పాటలు వేయడానికి ఎవరో ఎప్పుడో దాన్ని పైన ఉన్న లౌడ్‌స్పీకర్లకు కలిపారు. మామ గొంతు మైకులోంచి, పాట స్టీరియోలోంచి. అవి రెండు వేర్వేరు దారులు. ఫోనులోని శబ్దాన్ని స్టీరియోలోకి పంపే దారి ఒకటి వేయిస్తే, మామ మాటలు ఒక్కసారి పట్టిపెట్టుకుని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చునన్న ఆలోచన నాన్నకు వచ్చింది. అన్నకు వయసైంది, గొంతుకు విశ్రాంతి కావాలి అన్నాడు. ఫోను పాడే కొత్త స్టీరియోనే కొనవచ్చుగదా అని ఎవరో అంటే ఒప్పుకోలేదు. కారుతో పాటు వచ్చిన సామాను తీసి అవతల పారేయడం నాన్నకు నచ్చదు. సామాను విషయంలో ఆయనకు ఆ పట్టింపు ఎప్పుడూ ఉంది.

నెల్లూరు నుంచి ఒక మెకానిక్కు వచ్చాడు. డాష్‌బోర్డులోంచి స్టీరియోను బయటికి లాగి, పైరేకు విప్పాడు. సముద్రపు గాలికి లోపల అంచులన్నీ తుప్పెక్కి ఉన్నాయి. క్యాసెట్టు నుంచి శబ్దం వచ్చే చోట సన్నటి తీగలు అతికించి, వాటిని కిందికి దింపి, సిగరెట్ బూడిద గిన్నె పక్కన రంధ్రం చేసి ఫోను పిన్ను గుచ్చే సాకెట్ బిగించాడు. అంతసేపూ టార్చి పట్టుకున్నది మామే. పనంతా అయ్యాక ఫోను గుచ్చితే ఏమీ వినపడలేదు. మెకానిక్కు నవ్వి, లోపల క్యాసెట్టు తిరుగుతోందని నమ్మితేనే ఈ పెట్టె ఆ దారి తెరుస్తుందని చెప్పాడు. అందుకని ఏమీ లేని క్యాసెట్టు ఒకటి ఎప్పుడూ లోపల తిరుగుతుండాలి. శబ్దం ఫోనుది, తిరగడం క్యాసెట్టుది.

ఖాళీ క్యాసెట్టు ఇప్పుడెక్కడ దొరుకుతుందని నాన్న తల పట్టుకుంటే, మామ సైకిలెక్కి ఇంటికెళ్లి ఒకటి తెచ్చాడు. పైన ప్లాస్టిక్ కాగితం కూడా చింపలేదు. ఏనాటికైనా తన గొంతు అందులో పట్టి దాచుకుందామని వయసులో కొనిపెట్టుకున్నాడట. దాన్ని ఆయనే చింపి, ఆయనే లోపల పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే నేను నాన్నను అడిగాను: ప్రకటనలో తప్పు దొర్లితే, పాతది పొరపాటున మళ్లీ వేస్తే, జవాబు చెప్పేది ఎవరు, గొంతు గలవాడా, ఫోను గలవాడా?

"నువ్వడిగేదానికి కాలేజీలో కప్పులిస్తారమ్మా. కూడు పెట్టరు" అన్నాడు నాన్న.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మామ.

రికార్డింగుకు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసానికి అప్పుడే రంగు వేసి వచ్చాడు. బొమ్మ పడదు మామా, గొంతేనని చెప్పినా వినిపించుకోలేదు. ప్రతిధ్వని రాకుండా షామియానా గుడ్డల దొంతరల మధ్య స్టూలు వేశారు. చెప్పిందే చెప్పి, విని, బాగాలేదని చెరిపించి, మళ్లీ చెప్పాడు. కంటి శిబిరం, కరెంటు కోత, నీటి పన్ను, "మరణించినారని తెలియజేయుటకు చింతిస్తున్నాము" అన్న వాక్యం, అన్నీ ఇచ్చాడు. పోయినవాళ్ల పేర్లు మాత్రం ఎప్పటికప్పుడు డ్రైవరు తన గొంతుతో చేర్చాలి. ఫోనులో తన గొంతు తనకే వినిపించినప్పుడు ఆయన మొహం చూసి ఉంటే తెలిసేది. ఎవరూ ఆయన్ను మోసం చేయలేదు. తన గొంతును తానే ముద్దుచేసి ఇచ్చేశాడు. ఒక్క తుపాను ప్రకటన దగ్గరే మొండికేశాడు. "గాలివాన మాట ముందే చెప్పి దాచిపెట్టేదానికి ఇదేమన్నా ఆవకాయా?" అన్నాడు. తుపానుకు మాత్రం మైకే పట్టుకుంటానన్నాడు. నాన్న సరేనన్నాడు.

ఆ తరువాత ఆయన ఉద్యోగం ఏమిటంటే, క్యాసెట్టు తిప్పడం. ఆ స్టీరియో తనంతట తాను రెండో పక్కకు తిరగదు. ఒక పక్క అయిపోగానే దారి మూసుకుపోయి, ఊరేగే గొంతు వాక్యం మధ్యలో తెగిపోతుంది. సందుల్లో డ్రైవరు చేతులు స్టీరింగు వదలకూడదు గనుక, మామ అదే ఎడమ సీట్లో, నాలుక కింద ఉప్పు లేకుండా కూర్చుని, తన మూగ క్యాసెట్టును బయటికి తీసి, తిరగేసి, లోపలికి తోసేవాడు. అన్నను తీసేయలేదు చూడండని నాన్న అందరికీ చెప్పుకున్నాడు. అది నిజమే. వాస్తవాలన్నీ నాన్న పక్షానే ఉంటాయి.

ఒకసారి మైపాడు బస్సు కోసం నిలబడి ఉంటే కారు నా ముందు నుంచి పోయింది. పైన ఆయన గొంతు ఎవరో పెద్దాయన మరణవార్త చెబుతోంది. కింద ఆయన నోరు మూసి ఉంది. పోయిన మనిషి ఇల్లు దగ్గరపడుతుండగా చెయ్యి ముందుకు చాచి, సాకెట్‌లోంచి పిన్ను లాగేశాడు. గొంతు ఆగిపోయింది. కారు ఆ గుమ్మం దాటింది. మళ్లీ గుచ్చాడు. తన ఆచారానికి అందులోనూ ఒక సందు వెతుక్కున్నాడని నాకు సంతోషమేసింది.

మొదటి వాయుగుండానికి ఆయన అన్నమాట ప్రకారం మైకే పట్టాడు. రేపు సాయంత్రం నుంచి సముద్రం పోటెక్కుతుంది, ఆ లోపల పడవలూ వలలూ మెరక మీదికి చేర్చుకోండి అని పాళెమంతా తిరిగి చెప్పాడు. చెప్పినట్టే జరిగింది. ఆయనకు తెలియనిదేమిటంటే, నాన్న చెప్పగా డ్రైవరు ఆ మాటలను కూడా ఫోనులోకి పట్టాడు.

తరువాతి వాయుగుండం పెళ్లిళ్ల కాలంలో వచ్చింది. మైకులన్నీ పెళ్లిపందిళ్లలో ఉన్నాయి. పై నుంచి కబురు రాగానే నాన్న డ్రైవరుతో, పోయినసారిదే ఉందిగదా, వేసుకుంటా పో, తిరిగినట్టు వీడియో తియ్యి, ఆఫీసులో అడుగుతారు అని చెప్పి పందిరి పనిలో పడిపోయాడు. ఈసారి సముద్రం రేపు సాయంత్రం దాకా ఆగేది కాదు. ఆ సంగతి మామకు పాళెం మొదట్లో కారు దిగి ఒక ముసలి బెస్తను పలకరించినప్పుడే తెలిసింది. వచ్చి కూర్చునేసరికి తన గొంతు "రేపు సాయంత్రం" అంటోంది.

జరిగింది నేను చూడలేదు, డ్రైవరు చెప్పాడు. మామ పిన్ను లాగేశాడు. డ్రైవరు మళ్లీ గుచ్చాడు. మళ్లీ లాగితే, వీడియోలో శబ్దం లేకపోతే తన ఉద్యోగం పోతుందని డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు. మామ తలుపు తెరుచుకుని దిగాడు. కారు ముందు పోతోంది, రేపు సాయంత్రం అని చెబుతూ. ఆయన దాని వెనక ఇసుకలో నడుస్తూ, ఇయ్యాళే, ఇప్పుడే, ఎత్తిపెట్టుకోండి అని వట్టి నోటితో అరుస్తున్నాడు. జనం గడపల్లో నిలబడి నవ్వారు. ఎవరో అడిగారట: "ఏం మామా, ముందు పోతావుండేది నువ్వా, ఎనక వస్తావుండేది నువ్వా?"

ఎన్నో చర్చలు విన్నాను. ఇరుపక్షాలూ ఒక్క మనిషే అయి, నిజం చెప్పిన పక్షం అంత సులువుగా ఓడిపోయిన చర్చ మరొకటి నాకు తెలియదు. పాళెం లౌడ్‌స్పీకరునే నమ్మింది. నమ్మకూడదని వాళ్లకు ఎవరు చెప్పారు గనుక? దశాబ్దాలుగా ఆయనే అలవాటు చేసిన నమ్మకం అది. తెల్లవారేసరికి గట్టున ఉన్న వలలన్నీ పోయాయి. రెండు పడవలు, కాలువ సముద్రంలో కలిసే మొగలో ముక్కలై దొరికాయి. ప్రాణాలు దక్కాయి గనుక దాన్ని ఎవరూ నష్టమని రాసుకోలేదు. వలలు పోయినవాళ్లకు మాత్రం అది బతుకు.

పాళెం మనుషులు దుకాణానికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. మామ షట్టరు పక్కన నిలబడి ఉన్నాడు. నాన్న వాళ్లకు కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. అంతా విన్నాక నెమ్మదిగా అన్నాడు: "మీరే విన్నారుగదా. గొంతెవురిది? అన్నదే. నేనేమన్నా చెప్పినానా?"

అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. అందరూ మామ వైపు తిరిగారు. నేను నోరు తెరవబోతే నాన్న నా వైపు చూసిన చూపు ఒకటుంది, అయినా తెరిచాను. అది పాత రికార్డింగు, వేయమన్నది దుకాణం అని చెప్పాను. ఒక పెద్దాయన విసుగ్గా, "అమ్మాయ్, ఆ గొంతు మాకు తెలవదా?" అన్నాడు. ఆ మాటకు మామ తల ఊపాడు. అవునని ఊపాడు. వాళ్లు టీ తాగకుండా లేచిపోయారు.

వాళ్లు వెళ్లాక, మైకు మీద ఒక్కసారి, తప్పు దుకాణానిదని, మామది కాదని పాళెంలో చెప్పి రమ్మని నాన్నను అడిగాను. చెబితే ఇక ఎవరు మన కారు పిలుస్తారన్నాడు. అయినా అడుగుతూనే ఉంటే, "రెండు పక్కలా మాట్లాడేది నేర్పించినారుగదా నీకు. ఒక్క తూరి నా పక్కన మాట్లాడు, చూస్తాను" అన్నాడు. చదువు మీద కోపంతో కాదు, నిజంగానే సాయం అడుగుతున్నట్టు అన్నాడు. మాట్లాడి ఉంటే గెలిచేదాన్ని. ఆ పక్షానికి కావలసిన వాదనలన్నీ అప్పటికే వరసగా నా నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. అందుకే అక్కడ నిలబడలేక బయటికొచ్చాను.

మామ సైకిలు తాళం తీస్తున్నాడు. ఎందుకు ఒప్పుకున్నావు, ఆ రోజు నువ్వు చెప్పింది వేరుగదా అని అడిగాను.

"గొంతు నాదేగదా పాపా. నాది కాదని ఏ నోటితో చెప్పేది?" అన్నాడు.

ఆ తరువాత ఆయన కారెక్కలేదు. క్యాసెట్టు తిప్పడం డ్రైవరు నేర్చుకున్నాడు. అందుకు పెద్ద నేర్పేమీ అక్కర్లేదని తేలింది. మామ ఇంటి అరుగు మీద కూర్చుని, ఎవరైనా పలకరిస్తే చేత్తో జవాబు చెప్పేవాడు. మీసం తెల్లబడింది. గొంతు వీధిలోంచి వెళ్లేటప్పుడు లేచి లోపలికి పోయేవాడని ఆయన భార్య చెప్పింది. పాళెంవాళ్లు ఆయన్ను చూస్తే తల తిప్పుకునేవారట, చెడ్డతనంతో కాదు, మాట తప్పినవాడిని సిగ్గుపెట్టడం ఎందుకని.

జ్వరంతో పోయాడు. నాన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ కన్నీళ్లనూ నేను శంకించను. చివరి కబురు వేరే ఎవరి గొంతుతోనో పోవడం అవమానమని, అన్న గొంతుతోనే పోవాలని నాన్న పట్టుబట్టాడు. వద్దన్నాను. కనీసం ఆ ఇంటి ముందైనా పిన్ను లాగమన్నాను. అలాగేనన్నారు.

నేను ఆయన ఇంట్లో ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉన్నాను. కారు వీధి మొదట్లో మలుపు తిరిగింది. "మన ఊరి వాస్తవ్యులు" అని ఆయన గొంతు. పేరు దగ్గర డ్రైవరు గొంతు, గాలికి సగం పోయింది. "మరణించినారని తెలియజేయుటకు చింతిస్తున్నాము" అని మళ్లీ ఆయన గొంతు. గుమ్మం దగ్గరికి వచ్చింది. ఆగుతుందని ఎదురుచూశాను. పిన్ను లాగే మనిషి లోపల పడుకుని ఉన్నాడు. గొంతు గుమ్మం ముందు మొత్తంగా, స్పష్టంగా, గంట కొట్టినట్టు చెప్పుకుంటూ దాటిపోయింది. ఆయన భార్య తలెత్తి, తలమీది చెంగు సరిచేసుకుంది, ఆయన ఇంటికి వచ్చిన ప్రతిసారీ చేసినట్టే.

జనాజా వెంట నడవడానికి పాళెం నుంచి ఎవరూ రాలేదు. అది కక్షేనని నేను అనుకున్నాను. కక్ష అయినా బాగుండేది.

కొన్నాళ్లకు మైపాడులో బస్సు ఎక్కబోతుంటే, చేపల గంప దించుకుని కూర్చున్న పాళెం మనిషి ఒకామె నన్ను గుర్తుపట్టి పలకరించింది. కుశలం అయ్యాక గొంతు తగ్గించి, మీ మైకు మామ ఈమధ్య కారు దిగి పలకరించడంలేదే, మా మీద అలిగినాడా, వలలు పోయిన కోపం మాకిప్పుడేం లేదు, వచ్చి పొమ్మని చెప్పమంది. ఆయన పోయాడని చెప్పాను. నా మొహంలోకి చూసి, నమ్మక, చిన్నగా నవ్వింది.

"ఊరుకో పాపా. మొన్న ఎవురో పోయినారని ఆయనేగదా చెప్తా పోయింది."